చెప్పకుండా పంపాం, పోయినా చెప్పలేదు

ఫారంలో పేరు కొడతారు, ఈమెయిల్ కొడతారు. ఫోన్ నంబరు అడిగేసరికి ఎందుకొచ్చిన గొడవలే అనిపించి ట్యాబ్ మూసేస్తారు. సబ్మిట్ నొక్కలేదు కాబట్టి ఏదీ పోలేదని మీ నమ్మకం. ఆ నమ్మకం మీకు కలిగించింది మేమే. బటన్ పెట్టిందీ, దాన్ని నొక్కితేనే పని జరుగుతుందని అలవాటు చేసిందీ మేమే. కానీ చాలా సైట్లలో మీరు ఈమెయిల్ గడి దాటి పక్క గడిలోకి అడుగుపెట్టగానే ఆ ఈమెయిల్ వెళ్ళిపోతుంది. పంపే స్క్రిప్టు రాసేవాళ్ళం, లేదా ఎవరో రాసింది తెచ్చి అతికించేవాళ్ళం మేమే. అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లస్‌లోనో కూర్చుని వెబ్ పేజీలు కట్టి బతికేవాళ్ళం. తెలుగునాట మేం లేని వీధి లేదు కాబట్టి ఈ మాటలు తెలుగులో చెప్పుకోవడమే న్యాయం.

2022లో యూరప్ పరిశోధకులు కొందరు దీన్ని లెక్కలతో సహా బయటపెట్టారు. లక్ష వెబ్‌సైట్ల మీదికి ఒక ప్రోగ్రామును వదిలారు. అది ఒక్కో సైటుకీ వెళ్ళి, కనబడిన ఫారంలో ఈమెయిల్ నింపి, సబ్మిట్ జోలికి పోకుండా ఊరుకుంది. యూరప్ నుంచి వెళ్ళినప్పుడు 1,844 సైట్లలో, అమెరికా నుంచి వెళ్ళినప్పుడు 2,950 సైట్లలో ఆ ఈమెయిల్ బయటి ట్రాకింగ్ కంపెనీలకు చేరిపోయింది. జాబితా ఒకటే, వెళ్ళిన దారి వేరు. యూరప్‌లో జరిమానా భయం ఉంది కాబట్టి అక్కడ కాస్త ఒద్దికగా ఉన్నామని నాకనిపిస్తుంది. 52 సైట్లలో అయితే ఏకంగా పాస్‌వర్డులే పోయాయి. అది ఎవరూ కావాలని చేసింది కాదు. పేజీలో జరిగేదంతా రికార్డు చేసే స్క్రిప్టు పాస్‌వర్డు గడిని కూడా రికార్డు చేసింది, అంతే. మా వృత్తిలో ‘కావాలని చేయలేదు’ అన్నది అన్ని తాళాలకూ పట్టే సంజాయిషీ.

1990ల్లో వెబ్‌లో ఏదైనా పంపడమంటే కంటికి కనబడే పని. బటన్ నొక్కగానే పేజీ మొత్తం తెల్లబోయేది, మూలన ఉన్న గుర్తు గిరగిరా తిరిగేది, కాసేపటికి కొత్త పేజీ వచ్చేది. రక్షణ లేని దారిలో ఫారం పంపుతుంటే నెట్‌స్కేప్ బ్రౌజరు ఆపి, దీన్ని మధ్యలో ఎవరైనా చూడొచ్చు, అయినా పంపమంటారా అని అడిగేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరూ అడిగేది. పంపిన పేజీని రిఫ్రెష్ చేస్తే అదే సమాచారం రెండోసారి పోతుంది, సరేనా అని బ్రౌజర్లు ఇప్పటికీ అడుగుతాయి. ఆ ప్రశ్నలంటే అందరికీ విసుగే, చదవకుండానే ఓకే కొట్టేవాళ్ళు. అయినా తన దగ్గరి నుంచి ఏదో బయటికి పోతోందన్న సంగతి మాత్రం మనిషికి తెలిసేది.

1999 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో ఆ కథ మారింది. మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్ఛేంజ్ సర్వర్ మీద పనిచేస్తున్న బృందానికి ఔట్‌లుక్ ఉత్తరాలను బ్రౌజరులో చూపించాలి. ఉత్తరం తెరిచిన ప్రతిసారీ పేజీ మొత్తం మళ్ళీ రావడం వాళ్ళకు నచ్చలేదు. పేజీని కదపకుండా స్క్రిప్టే సర్వరుతో మాట్లాడే ఒక చిన్న సాధనం రాసుకున్నారు. బ్రౌజరుతో పాటు విడుదలయ్యే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో దూరిస్తే తొందరగా బయటికొస్తుందని అందులో దూర్చారు. పేరులో ఎక్స్‌ఎంఎల్ అలా వచ్చి చేరింది, చేసే పనికి దానితో పెద్ద సంబంధం లేదు. ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ అన్న చాంతాడంత పేరుతో ఇతర బ్రౌజర్లూ దాన్ని తీసుకున్నాయి. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. మ్యాప్స్ వచ్చిన నెలలోనే జెస్సీ జేమ్స్ గారెట్ అనే డిజైనరు ఈ పద్ధతికి ‘ఎజాక్స్’ అని పేరు పెట్టాడు.

ఆ రోజుల్లో మా సంబరం అంతా ఇంతా కాదు. మౌసుతో పట్టుకుని లాగితే పటం జారిపోతోంది, పేజీ చెక్కు చెదరడం లేదు! అది మంచి పని కాదని ఈరోజు కూడా అనను. రైలు టికెట్ బుక్ చేస్తూ ఊరి పేరులో మూడక్షరాలు కొట్టగానే స్టేషన్ల జాబితా దిగుతుందంటే ఆ సాధనం పుణ్యమే. పేజీ తెల్లబోకుండా చూడటమే గొప్ప వినియోగదారు అనుభవమని మేం పాఠాలు చెప్పుకున్నాం. తెల్లబోయే పేజీతో పాటు ఇంకేం తీసేస్తున్నామో అప్పుడు ఎవరూ అడగలేదు. పంపడం అనే క్రియకు అప్పటిదాకా కర్త మీరు. ఆ తర్వాత కర్త మేమయ్యాం. ఆ మార్పు మీకు చెప్పలేదు.

గారెట్ పేరు పెట్టిన ఏడాదే ఒక హెచ్చరిక వచ్చింది. 2005 అక్టోబరులో సామీ కామ్‌కర్ అనే కుర్రాడు మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్కులో తన ప్రొఫైల్ పేజీలో ఒక స్క్రిప్టు దాచాడు. ఆ పేజీ చూసినవాళ్ళ బ్రౌజరు వాళ్ళకు తెలియకుండానే సామీని స్నేహితుడిగా చేర్చుకునేది, అదే స్క్రిప్టును వాళ్ళ ప్రొఫైల్లోనూ అతికించేది. ఇరవై గంటలు గడవకముందే పది లక్షల మందికి పైగా దాని బారిన పడ్డారు. అందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే వివరం ఒకటుంది. ఎవరినైనా స్నేహితుడిగా చేర్చుకునే ముందు ‘నిజంగానే చేర్చుకుంటారా’ అని అడిగే పేజీ ఒకటి మైస్పేస్‌లో ఉండేది. ఆ పేజీలో ఒక రహస్య సంకేతం పుట్టేది, అది లేకుండా చేర్చడం కుదరదు. సామీ స్క్రిప్టు తెరవెనుకే ఆ పేజీని తెప్పించుకుంది, సంకేతాన్ని ఏరుకుంది, జవాబుతో పాటు తిరిగి పంపింది. మనిషిని అడగాల్సిన ప్రశ్నకు స్క్రిప్టే అవునని చెప్పేసింది.

మేం ఆ కథను భద్రతా లోపంగా చదువుకున్నాం. మైస్పేస్ వాళ్ళ ఫిల్టరులో బొక్కలున్నాయి, అవి పూడిస్తే సరి అన్నాం. మనిషి బదులు స్క్రిప్టు అవునని చెప్పే పద్ధతిని మాత్రం పక్కన పెట్టలేదు. పదేళ్ళు తిరక్కుండా దాన్నే ఉద్యోగంగా చేసుకున్నాం.

ఎలాగో చెప్తాను. ఒక శుక్రవారం సాయంత్రం మార్కెటింగ్ నుంచి మెయిల్ వస్తుంది. ‘ఈ స్నిప్పెట్ హెడర్లో పెట్టండి, సోమవారం క్యాంపెయిన్ మొదలు.’ నాలుగైదు పంక్తులు. అవి ఇంకో స్క్రిప్టును ఎక్కడినుంచో దించుతాయి, అది మరో రెండింటిని. చివరికి దిగేది ఏమిటో మేం చదవం. చదివినా లాభం లేదు, రేపు అవతలివాళ్ళు దాన్ని మార్చినా మాకు కబురు రాదు. ఆ తర్వాత ట్యాగ్ మేనేజర్లు వచ్చాయి. వాటితో మార్కెటింగ్ వాళ్ళే నేరుగా పెట్టుకుంటారు, మమ్మల్ని అడగనక్కర్లేదు. మాకదో పెద్ద ఊరట. మేం రాసిన ఒక్కో పంక్తినీ ఇద్దరు కూర్చుని రివ్యూ చేసే ఆఫీసుల్లోనే, ఊరూ పేరూ తెలియని ఈ స్క్రిప్టులు ఏ రివ్యూ లేకుండా అదే పేజీలోకి దర్జాగా నడిచి వస్తాయి.

2022లో అమెరికాలో ది మార్కప్ అనే వార్తాసంస్థ ఆ దేశంలోని వంద పేరున్న ఆసుపత్రుల వెబ్‌సైట్లు పరిశీలిస్తే 33 చోట్ల ఫేస్‌బుక్ వాళ్ళ పిక్సెల్ అనే ట్రాకింగ్ స్క్రిప్టు దొరికింది. డాక్టరు అపాయింట్‌మెంట్ బటన్ నొక్కితే ఆ కబురు ఫేస్‌బుక్‌కు పోతోంది. ఒక ఆసుపత్రి సైటులో బటన్ మీదున్న మాటలూ, డాక్టరు పేరూ, ఆ డాక్టరును వెతకడానికి వాడిన పదమూ కలిసి వెళ్ళాయి. ఆ పదం గర్భవిచ్ఛిత్తి. ఆ సైటు కట్టినవాళ్ళలో ఒక్కరికైనా రోగి మీద పగ ఉంటుందా? ఉండదు. ఏ ప్రకటన చూసి ఎంతమంది వచ్చారో తెలుసుకుందామని ఎవరో అడిగారు, ఎవరో అతికించారు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2018 ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 5 వరకు ఆ సైటులో టికెట్ కొన్నవాళ్ళ కార్డు వివరాలు దొంగల సర్వరుకు కూడా వెళ్ళాయి. సైటు వాడుతున్న ఒక పాత లైబ్రరీ ఫైలు అడుగున దొంగలు 22 పంక్తులు చేర్చారు. బటన్ మీద నొక్కిన మౌసును వదలగానే, ఫోనులో అయితే వేలు పైకెత్తగానే, ఫారంలోని పేరు, చిరునామా, కార్డు నంబరు అన్నీ మూటగట్టి బీఏవేస్ డాట్ కామ్ అనే దొంగ చిరునామాకు పంపడం వాటి పని. అసలు చెల్లింపు మామూలుగానే జరిగేది. టికెట్ వచ్చేది, విమానం ఎగిరేది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం లెక్కలో 4,29,612 మంది సమాచారం ప్రమాదంలో పడింది, 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. ఆ 22 పంక్తులు చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. దుర్మార్గంగా ఉన్నందుకు కాదు, అచ్చం మేం రోజూ రాసే కోడులా ఉన్నందుకు. బటన్‌కు ఒక కాపలా, గడుల్లోంచి విలువలు, సర్వరుకు ఒక పోస్ట్ రిక్వెస్టు. ఆ మూడూ మా అనలిటిక్స్ స్క్రిప్టులోనూ ఉంటాయి.

మన దగ్గరికొస్తే, అదే 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైట్లు కొన్నింటిలో, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల మున్సిపాలిటీ సైట్లతో సహా, క్రిప్టో నాణేలు తవ్వే స్క్రిప్టు నడుస్తోందని భద్రతా పరిశోధకులు కనిపెట్టారు. మున్సిపాలిటీ సైటు తెరిచినవారి కంప్యూటరు ఎవరికోసమో లెక్కలు కట్టి, ఫలితాలు తెరవెనుక పంపుతూ ఉంటుంది. తెరిచినవారికి తెలిసేదల్లా ఫ్యాను చప్పుడే.

ఇదంతా దొంగల పని, మార్కెటింగ్ పని అనుకుంటారేమో. అసలు సిసలు ప్రమాణాలు రాసుకున్న చోట కూడా మా సొంత సౌకర్యమే ముందు చూసుకున్నాం. మీరు పేజీ వదిలి వెళ్ళేటప్పుడు, ఎంతసేపున్నారు, ఎక్కడిదాకా చదివారు అన్న లెక్క మాకు కావాలి. పేజీ మూసుకుంటే పంపడం మధ్యలో ఆగిపోతుంది. అందుకని ఏళ్ళ తరబడి, లెక్క పోయేదాకా పేజీని మూయనీయకుండా పట్టుకునేవాళ్ళం. మీరు లింకు నొక్కాక పేజీ కాసేపు మొరాయించేదే, నెట్ స్లో అని తిట్టుకునేవారే, చాలాసార్లు అది మా పనే. దానికి మందుగా 2014లో సెండ్‌బీకన్ అనే సదుపాయం ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో వచ్చింది. లెక్కను బ్రౌజరు చేతిలో పెడితే చాలు, మీరు వెళ్ళిపోయాక అది పంపుకుంటుంది. మీకు ఆలస్యం తప్పింది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆలస్యమొక్కటే మీకు మిగిలిన ఆనవాలు. అదీ పోయింది.

ఇక రెండో పాపం. దీని గురించి వార్తల్లో రాదు, జరిమానాలూ పడవు. మీకు తెలియకుండా పంపడంలో అంత నేర్పు సంపాదించినవాళ్ళం, మీరు పంపమన్నది పోకపోతే ఆ మాట చెప్పడంలో మాత్రం పరమ బద్ధకస్తులం. పాత పద్ధతిలో సర్వరు పడిపోతే బ్రౌజరే మొహాన ఒక ఎర్రర్ పేజీ కొట్టేది. తెరవెనుక పంపేటప్పుడు ఆ బాధ్యత మా మీద పడింది. 2015 నుంచి బ్రౌజర్లలో ఉన్న ఫెచ్ అనే కొత్త సాధనాన్నే చూడండి. సర్వరు 500 అని ఏడ్చినా, 404 అని చేతులెత్తేసినా, ఫెచ్ దృష్టిలో అది విఫలం కాదు. జవాబంటూ వచ్చింది కాబట్టి సఫలమే. వచ్చిన జవాబు మంచిదో చెడ్డదో రెస్పాన్స్ డాట్ ఓకే అన్నది చూసి మేం తేల్చుకోవాలి. ఒక్క పంక్తి. అది రాయకుండా ప్రొడక్షన్‌కు పోయిన కోడుకు లెక్కే లేదు. నెట్ తెగిపోతే పట్టుకోవడానికి క్యాచ్ అని ఒక చోటు ఉంటుంది, అందులో రెండు బ్రాకెట్లు పెట్టి మధ్యలో ఖాళీ వదిలేస్తాం. లేదంటే కన్సోల్‌లో ఒక ముక్క రాయిస్తాం. ఆ కన్సోల్‌ను వాడుకరి ఎవరూ తెరవరని తెలిసే రాయిస్తాం.

దీనిమీద ఇంకో ఫ్యాషన్ ఉంది. బటన్ నొక్కగానే ‘సేవ్ అయింది’ అని ఆకుపచ్చ టిక్కు చూపించేయడం, పంపడం తర్వాత మెల్లగా చూసుకోవడం. లైకులకు బాగానే ఉంటుంది, పోతే ఒక లైకు పోతుంది. అదే అలవాటును దరఖాస్తులకూ, కాలేజీ ఆప్షన్లకూ, పొలం వివరాలకూ పట్టుకెళ్ళాం. ఆఫీసులో ఫైబర్ లైను మీద డెమో ఇచ్చేటప్పుడు టిక్కూ నిజమే, సేవూ నిజమే. ఏజెన్సీలో ఒక గీత సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఫోనులో టిక్కు మాత్రమే నిజం. గడువు దాటాక, నేను పెట్టాను సార్, గ్రీన్ టిక్కు కూడా వచ్చింది అని ఆ ఫోను పట్టుకున్న పిల్ల ఎవరికి చెప్పుకున్నా, సర్వరులో రికార్డు లేదమ్మా అనే జవాబొస్తుంది. పూర్వం మనియార్డరు పంపితే అవతల తీసుకున్నవాళ్ళ సంతకంతో రసీదు ఇంటికొచ్చేది. ఆ సంతకాన్ని పంపేటప్పుడే మేం ఫోర్జరీ చేసి చేతిలో పెడుతున్నాం.

జనం మమ్మల్ని నమ్మడం ఎప్పుడో మానేశారు. నెట్ సెంటర్లకు వెళ్ళి చూడండి. ప్రతి అడుగుకీ స్క్రీన్‌షాట్, చివర ప్రింటవుట్, దానిమీద అప్లికేషన్ నంబరు పెన్నుతో మళ్ళీ రాసుకోవడం. వెబ్‌సైటులో ఉంది కదా అంటే కుర్చీలో ఉన్న కుర్రాడు నవ్వుతాడు.

చెల్లింపుల పేజీలో మరీ తెగించాం. ‘దయచేసి రిఫ్రెష్ చేయవద్దు, బ్యాక్ బటన్ నొక్కవద్దు’ అని పెద్దక్షరాలతో రాస్తాం. అందులో దయ ఏమీ లేదు. ఒకే చెల్లింపు రెండుసార్లు వస్తే గుర్తుపట్టేలా ముందే దానికో ప్రత్యేక నంబరు తగిలించవచ్చు, అదే నంబరుతో రెండోది వస్తే సర్వరు పక్కన పెట్టేస్తుంది. ఈ విద్య మాకు ఎప్పటినుంచో తెలుసు. అది చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, బోర్డు రాయడానికి రెండు నిమిషాలు. అందుకని బోర్డు రాశాం. డబ్బు ఖాతాలోంచి పోయి దుకాణానికి చేరని కేసులు పేరుకుపోతుంటే చివరికి 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టాల్సి వచ్చింది. యూపీఐలో దుకాణానికి ఖరారు అందని డబ్బు లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం. పోలేదని ఒక మాట చెప్పే మర్యాద మాలో లేకపోతే దానికి రేటు కట్టాల్సి వచ్చింది.

కంపెనీలు అడిగాయి, మేం చేశాం అని తప్పించుకోవచ్చు. కొంతవరకు నిజం. ఇంటి లోను ఉన్నవాడు క్లయింటుతో పోట్లాడడు. కానీ రెస్పాన్స్ డాట్ ఓకే రాయొద్దని ఏ క్లయింటూ చెప్పలేదు. క్యాచ్ ఖాళీగా వదలమని ఏ మేనేజరూ మెయిల్ పెట్టలేదు. కుకీల అనుమతి బ్యానర్ తెరమీదికి వచ్చేలోపే ట్రాకింగ్ స్క్రిప్టులు బయల్దేరిపోకుండా వరస మార్చడం మా చేతిలో పనే. యూరప్‌లో మనిషి ఏదీ ఎంచుకోకముందే అంగీకారం నమోదు చేసేసిన బ్యానర్లు కూడా పరిశోధకులకు దొరికాయి. సామీ స్క్రిప్టు గుర్తొస్తుందా? ఈసారి దాన్ని రాసింది ఆకతాయి కుర్రాడు కాదు, స్ప్రింటు ప్లానింగులో టికెట్ తీసుకుని, అంచనా వేసి, టెస్టింగు దాటించిన బృందం. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అనుమతి అంటే స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చేదై ఉండాలంటుంది. దానికీ ఓ బ్యానర్ తయారుచేయడమే మా మొదటి ఆలోచన.

పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటీ మేం కనిపెట్టింది కాదు. ఈమెయిళ్ళు పోతున్నాయని చెప్పింది విశ్వవిద్యాలయాల వాళ్ళు. ఆసుపత్రుల గుట్టు విప్పింది విలేకరులు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు కూడా బయటివాళ్ళు చెబితేనే తెలిసింది. వాళ్ళెవరి దగ్గరా మాకు లేని పరికరం లేదు. బ్రౌజరులో ఎఫ్12 నొక్కితే నెట్‌వర్క్ అనే ట్యాబ్ వస్తుంది. పేజీ ఎవరికి ఏం పంపుతోందో, ఎప్పుడు పంపిందో, ఏ జవాబొచ్చిందో వరసగా అందులో కనబడుతుంది. వెబ్ పని చేసే ప్రతివాడి తెరమీదా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది తెరిచే ఉంటుంది. మామూలు సైటు తెరిస్తే వరసలు జలజలా దిగుతాయి, అందులో చాలా ఎక్కడెక్కడి చిరునామాలో. వాటి మధ్య మా సర్వరుకు వెళ్ళిన రిక్వెస్టు వెతుక్కోవడం చిరాకు. అందుకని పైనున్న ఫిల్టర్ గడిలో మా సర్వరు పేరు కొట్టుకుంటాం. మిగతావన్నీ తెరమీంచి పోతాయి. కొత్తగా చేరిన పిల్లలకు మేం మొదటిరోజు నేర్పే చిట్కాల్లో అదొకటి.